బానెట్ నొక్కాలా, వదలాలా?

హన్మకొండ నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది:

"మేం నిరుడు సెకండ్‌హ్యాండ్‌ల చిన్న కారు కొన్నం. బానెట్ మూసుడు కాడ మా ఇంట్ల ఎప్పుడూ పంచాయితే. మా మామయ్య రెండు అరచేతులు బానెట్ నడుమ పెట్టి మెల్లగ అదుముతరు. 'గట్టిగ ఏస్తే లాక్ ఖరాబైతది' అంటరు. మా తమ్ముడు వస్తే నిలువెత్తు నుంచి ధడేల్మని ఏస్తడు. సర్వీసింగ్ పిలగాడు 'రెండూ తప్పే మేడం' అన్నడు గని ఏది ఒప్పో చెప్పకుండనే పోయిండు. ఇప్పుడు బానెట్ మీద రెండు సొట్టలు కనబడుతున్నయి. మొన్న పరకాల మా తల్లిగారింటికి పోతుంటే, గూడెప్పాడ్ దాటినంక బానెట్ ముందటి అంచు లేచి వణకవట్టింది. మా ఆయన బండి ఆపి పైనుంచి నొక్కిండు. మళ్ల పోతుంటే మళ్ల వణికింది. ఎవరి మాట ఇనాలె? బానెట్ ఎట్ల మూయాలె?"

చెల్లెమ్మా, మూసే పద్ధతి చెప్పేముందు ఆ వణుకు గురించి మాట్లాడాలి. మీ ఇంటి పంచాయితీ కంటే అది పెద్ద విషయం. ఆ రోజు మీరు పరకాల దాకా వెళ్లింది అసలు లాక్ పడకుండానే. బానెట్‌ను పట్టి ఉంచింది ఒక చిన్న కొక్కెం.

బానెట్‌కు రెండు పట్లు ఉంటాయి. స్టీరింగ్ కింద ఉన్న లివర్ లాగగానే 'టక్' మని ముందటి అంచు కాస్త లేస్తుంది చూడండి, అప్పుడు మొదటి పట్టు వదిలినట్టు. అయినా బానెట్ పూర్తిగా తెరుచుకోదు. ఆ సందులో వేళ్లు పెట్టి, తడిమి, ఒక నాలుకలాంటి ముక్కను పక్కకో పైకో జరిపితేనే లేస్తుంది. ఆ నాలుకే రెండో పట్టు. మొదటిది ఎప్పుడైనా తప్పితే బానెట్ ఎగిరి అద్దానికి తగలకుండా ఆపడానికి దాన్ని పెట్టారు. ముందు నుంచి తెరుచుకునే బానెట్లకు ఇలాంటి రెండో పట్టు ఉండాలని అమెరికాలో 1969 నుంచే నిబంధన ఉంది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కార్లలోనూ అది మామూలే. బండిని పక్కకు తీసి ఆపుకునేంత టైం ఇవ్వడమే దాని పని. దాన్ని నమ్ముకుని ఊళ్లు తిరగకూడదు.

గాలి సంగతి కూడా చూడండి. 40 స్పీడులో గాలి ఎంత బలంగా తోస్తుందో, 80లో దానికి నాలుగింతలు తోస్తుంది. అందుకే హన్మకొండ గల్లీల్లో ఏమీ అనిపించని బానెట్, ములుగు రోడ్డెక్కి బండి వేగం అందుకోగానే వణుకుతుంది. ఎదురుగా వచ్చే లారీ పక్క నుంచి పోయినప్పుడు తగిలే గాలిదెబ్బ దీనికి అదనం. ఆ చిన్న కొక్కెం తుప్పు పట్టి ఉన్నా, వంగి ఉన్నా, బానెట్ ఒక్కసారిగా లేచి ముందటి అద్దాన్ని కొడుతుంది. నడిపేవాళ్లకు రేకు తప్ప రోడ్డు కనబడదు.

అలా ఎప్పుడైనా జరిగితే ఏం చేయాలో మీ ఆయనకూ తమ్ముడికీ ఇప్పుడే చెప్పి పెట్టండి. బ్రేక్ మీద ఒక్కసారిగా నిలబడొద్దు, వెనక వచ్చే బండి గుద్దుతుంది. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, నాలుగు ఇండికేటర్లూ వేయాలి. తల కిందికి వంచితే, లేచిన బానెట్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్య చాలా కార్లలో సన్నటి సందు కనిపిస్తుంది. అందులోంచి రోడ్డు చూడొచ్చు. అదీ కుదరకపోతే పక్క అద్దం దించి, రోడ్డు అంచు చూసుకుంటూ మెల్లగా ఎడమ పక్కకు తీయాలి. వణుకు మొదలైనప్పుడే ఆపడం మరీ మంచిది. మీ ఆయన బండి ఆపడం వరకు సరైన పనే చేశారు. తర్వాత పైనుంచి నొక్కారే, పొరపాటు అక్కడ జరిగింది. ఎందుకో చెప్తాను.

ఈసారి బానెట్ తెరిచినప్పుడు దాని కింది అంచు మధ్యలో చూడండి. వేలు మందం ఇనుప చువ్వను వంచి చేసిన కొక్కెం ఒకటి కిందికి వేలాడుతుంటుంది. దానికి సరిగ్గా కింద, రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ మీద లాక్ ఉంటుంది. అందులో ఒక ఉక్కు పంజా, దానికి బిగువైన స్ప్రింగు. బానెట్ పడ్డప్పుడు కొక్కెం వచ్చి పంజాను తన్నాలి. పంజా తిరిగి కొక్కేన్ని వాటేసుకోవాలి. ఆ తిరగడం పూర్తి కావాలంటే స్ప్రింగు బలాన్ని దాటాలి. దానితోపాటు రెండు మూలల్లో ఉన్న రబ్బరు గుబ్బలూ, అంచు వెంట ఉన్న రబ్బరు పట్టీ కూడా నలగాలి. ఇవన్నీ కలిసి పైకి తోస్తుంటాయి. గొడ్డలిని మొద్దు మీద ఆనించి ఎంత అదిమినా కట్టె పగలదు, లేపి వేస్తే ఒక్క దెబ్బకు పగులుతుంది. బానెట్ లాక్‌కు కావలసిందీ ఆ వేగంతో వచ్చే దెబ్బే. అయితే ఆ దెబ్బకు మీ చేతి బలం అక్కర్లేదు. బానెట్‌కు తన సొంత బరువు ఉంది, అది చాలు.

ఇప్పుడు మీ మామయ్యగారి పద్ధతికి వద్దాం. ఆయన అరచేతులతో అదిమినప్పుడు ఆ బలం లాక్ దాకా పోకముందే రేకు మీద పడుతుంది. ఇప్పటి కార్ల బానెట్ పై రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాని కింద బలానికి ఇంకో రేకు చట్రం అతికించి ఉంటుంది కానీ, అది అంతటా ఉండదు. బానెట్ ఎత్తి కింది నుంచి చూస్తే గుంటలు గుంటలుగా, పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. గుంట ఉన్న చోట పై రేకుకు ఏ ఆసరా లేదు. మీ బానెట్ మీది రెండు సొట్టలు, మామయ్యగారి అరచేతులు ఎప్పుడూ ఆనే చోటనే ఉన్నాయేమో ఒకసారి పోల్చి చూడండి.

ఆయన్ను తప్పు పట్టకండి. పాతకాలపు బండ్లు నడిపిన చేతులకు ఆ అలవాటు ఉండడం సహజం. అంబాసిడర్ల కాలంలో రేకు మందంగా ఉండేది, రెండు చేతులా అదిమినా ఓర్చుకునేది. ఇప్పుడు మైలేజీ కోసం బరువు తగ్గిస్తున్నారు. ఇంకో కారణం కూడా ఉంది. బండి ఎవరినైనా తాకితే వాళ్ల తల వచ్చి తగిలేది చాలాసార్లు బానెట్ మీదే, కాబట్టి అది కొంత మెత్తగా లోపలికి నలిగేట్టు తయారు చేస్తున్నారు. పాదచారుల రక్షణ పరీక్షలు మన దేశంలో కూడా 2018 నుంచి కొత్త మోడళ్లకు వచ్చాయి. అంటే రేకు మెత్తగా ఉండడం నాసిరకం పనికి గుర్తు కాదు, దాని వెనుక ప్రాణాల లెక్క ఉంది. లాక్ ఖరాబవుతుందన్న మామయ్యగారి భయం మాత్రం మీ తమ్ముడు వేసినట్టు వేస్తే నిజమే.

ఎత్తు రెట్టింపు చేస్తే దెబ్బ కూడా రెట్టింపవుతుంది. నిలువెత్తు నుంచి, పైగా చేత్తో తోసి వేస్తే, మూలల్లోని రబ్బరు గుబ్బలు చితికిపోతాయి. లాక్ బిగించిన బోల్టులు మెల్లమెల్లగా జరుగుతాయి. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ చెవులు అదురుకు పగుళ్లిస్తాయి. ఒక్క నాడు కనబడదు, ఏడాది తర్వాత బానెట్ ఒక పక్క ఎక్కువ సందుతో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. అప్పటికి లాక్ మధ్యకు పడదు, సగమే పడుతుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు 'ఇంకా గట్టిగా వేయాలి' అనుకుంటారు. మీ బండికి అదే జరిగి ఉండొచ్చని నా అనుమానం, ఎందుకంటే మీ కంటే ముందు దాన్ని ఎవరు ఎలా వేశారో మనకు తెలియదు.

సరే, ఎలా మూయాలి?

మూసే ముందు లోపల ఒక్కసారి చూడండి. ఇంజనాయిలు మూత బిగించారా, నూనె తుడిచిన గుడ్డ ఎక్కడైనా మరిచారా, పానా బ్యాటరీ మీద ఉందా. గుడ్డ సైలెన్సర్ పైపు మొదట్లో, ఇంజన్‌ను ఆనుకుని పడితే అంటుకుంటుంది. పానా బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ తగిలితే నిప్పురవ్వలే. పైకి నిలిచిన వస్తువేదైనా ఉంటే, బానెట్ పడ్డప్పుడు సొట్ట లోపలి నుంచి బయటికి పొడుచుకొస్తుంది. వరి కోతల కాలంలో ఇంకోటి కూడా చూడాలి: ఎలుకలు. వెచ్చగా ఉంటుందని రాత్రిళ్లు ఇంజన్ మీద చేరి గడ్డీ, పత్తీ తెచ్చి పెడతాయి, వైర్లు కొరుకుతాయి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలా, గోదాముల దగ్గరా బండి పెట్టేవాళ్లకు ఇది బాగా తెలుసు.

తర్వాత ఒక చేత్తో బానెట్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆసరా రాడ్‌ను తీసి, దాని క్లిప్పులో 'టక్' మనే దాకా నొక్కండి. ఇక్కడ తొందర వద్దు. రాడ్ క్లిప్పులో కూర్చోకుండా బానెట్ వదిలితే, అది అడ్డం తగిలి బానెట్ వంగిపోతుంది. నేను చూసిన పెద్ద సొట్టల్లో చాలావరకు ఇలా వచ్చినవే. దూరం పోయి వచ్చిన వెంటనే అయితే రాడ్ కాలుతుంది, దానికి ఉన్న రబ్బరు తొడుగు దగ్గరే పట్టుకోండి.

ఇప్పుడు ముందటి అంచు మధ్యలో పట్టుకుని మెల్లగా కిందికి దించండి. అంచుకూ లాక్‌కూ మధ్య జానెడు, లేదా జానెడు మీద నాలుగు వేళ్ల దూరం రాగానే ఆగండి. చాలా కార్ల మాన్యువళ్లు చెప్పే 20 నుంచి 30 సెంటీమీటర్లు మన చేతి లెక్కలో దాదాపు ఇదే. కొన్ని బండ్లకు ఇంకాస్త ఎక్కువ చెప్తారు, మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. పిల్లల చేతులు దగ్గర లేవని చూసి వదిలేయండి. తోయొద్దు, కింద దాకా చేత్తో పట్టుకుని పోవొద్దు. దానంతట అదే పడాలి. సరిగ్గా పడితే ఒకే ఒక్క బరువైన 'ధప్' వినిపిస్తుంది. సగం పడ్డప్పుడు వచ్చేది పలచటి, రేకు కొట్టుకున్న చప్పుడు. నాలుగుసార్లు మూస్తే మీ చెవికే తేడా పట్టుబడుతుంది.

చప్పుడు బాగుందని చేతులు దులుపుకుని పోవద్దు. ముందటి అంచు కింద, మధ్యలో నాలుగు వేళ్లు పెట్టి పైకి లాగి చూడండి. కదలకూడదు. ఒకటి రెండు వేళ్ల మందం లేచి ఆగిందంటే అది రెండో కొక్కెం మీద ఉంది. అప్పుడు చాలామంది చేసేదే మీ ఆయన చేశారు, పైనుంచి నొక్కారు. నొక్కితే అంచు కిందికి దిగినట్టు కనిపిస్తుంది కానీ పంజా పూర్తిగా తిరగదు. చెయ్యి తీస్తే రబ్బర్లు మళ్లీ పైకి తోస్తాయి, లేకపోతే రోడ్డు మీద గుంతకు లేస్తుంది. అలాంటప్పుడు లివర్ లాగి, పూర్తిగా తెరిచి, మళ్లీ జానెడు ఎత్తు నుంచి వదలండి. రెండోసారి కూడా పడకపోతే, మరుసారి ఇంకా ఎత్తు నుంచి వేయడం పరిష్కారం కాదు. ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది, అదేంటో చూడాలి.

కొన్ని పెద్ద బండ్లకు రాడ్ బదులు రెండు పక్కలా గ్యాస్ షాకర్లు ఉంటాయి. అవి బానెట్‌ను పైకి తోస్తుంటాయి కాబట్టి, వాటి బలం తగ్గే దాకా చేత్తో దించి అప్పుడు వదలాలి. లేదా మాన్యువల్ చెప్పిన చోట ముందటి అంచును తోయాలి. మీ కారుది ఆ పద్ధతి కాదు, అందుకే అంతకంటే వివరంగా పోవడం లేదు.

ఇక మీ బండి లాక్‌ను ఇంట్లోనే పరీక్షించే ఉపాయం ఒకటి చెప్తాను. బానెట్ తెరిచి, రాడ్ మీద గట్టిగా నిలబెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో లాక్‌లోని పంజాను కిందికి తోయండి. టక్‌మని తిరిగి అక్కడే నిలవాలి. ఇప్పుడు ఇంకొకరిని లోపలి లివర్ లాగమనండి. పంజా చటుక్కున తిరిగి తెరుచుకోవాలి. బద్ధకంగా కదిలినా, సగంలో ఆగినా లాక్ జామైనట్టు. ఒక జాగ్రత్త: పరీక్ష అయ్యాక పంజాను తెరిచే ఉంచాలి. మూసుకున్న పంజా మీద బానెట్ పడితే కొక్కెం దాని నెత్తిన కొట్టుకుని రెండూ పాడవుతాయి.

అదే పనిలో స్టీరింగ్ కింది లివర్ లాగి వదిలినప్పుడు పూర్తిగా తన చోటికి వస్తోందా చూడండి. కేబుల్ తుప్పు పట్టి వెనక్కి పోకపోతే లాక్ ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. అప్పుడు మీరు ఎంత సరిగ్గా వదిలినా నిలవదు.

మన దగ్గర లాక్‌లు జామయ్యేది ఎక్కువగా దుమ్ము వల్ల. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ దిక్కు గ్రానైట్ పొడి, మిగతా చోట్ల ఎర్రమట్టి. గ్రిల్లు లోంచి వచ్చేదంతా నేరుగా లాక్ మీద పడుతుంది. పాత గ్రీసుకు అది అంటుకుని గట్టి మడ్డిలా తయారవుతుంది. దాన్ని బ్రష్‌తో, తుప్పు వదిలించే స్ప్రేతో శుభ్రంగా కడిగి తుడిచి, ఆరాక కొంచెం తెల్ల లిథియం గ్రీసు పెట్టాలి. వాడేసిన ఇంజనాయిలు, మంచినూనె పోయొద్దు, అవి దుమ్మును మరింత లాగుతాయి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చేస్తే చాలు.

దసరా పూజ దినాల్లో కూడా జాగ్రత్త పడాలి. బంతిపూల దండ కట్టడానికి దారాన్ని బానెట్ అంచు సందులోంచి తీస్తారు, మామిడాకులు గుచ్చుతారు. పూజ మీద ప్రేమతో కట్టిన దండే, కానీ ఆ దారం ముడి వెళ్లి లాక్ నోట్లో పడితే పంజా తిరగదు. దండను గ్రిల్లుకో అద్దాలకో కట్టండి, పసుపు కుంకుమ బానెట్ మీద పెట్టుకోండి, సందులో మాత్రం ఏదీ పెట్టొద్దు. మేడారం జాతరప్పుడు ఇంకో రకం తొందర ఉంటుంది. తాడ్వాయి దారిలో గంటల కొద్దీ జామ్‌లో నిలిచి ఇంజన్ వేడెక్కుతుంది, పక్కకు తీసి బానెట్ లేపుతారు, ముందున్న బండి కదిలిందని గబుక్కున వేసి ఎక్కుతారు. వేళ్లు పెట్టి లాగి చూడడానికి రెండు క్షణాలు పడుతుంది, ఆ జామ్‌లోనూ ఆ రెండు క్షణాలు వదులుకోవద్దు. ఇంజన్ చల్లారక ముందు రేడియేటర్ మూత మాత్రం ముట్టొద్దు.

లాక్ బాగుండి, కేబుల్ బాగుండి కూడా బానెట్ పడకపోతే మూలల్లోని రబ్బరు గుబ్బలు చూడాలి. అవి మరల్లా తిరుగుతాయి. ఎక్కువ పైకి తిప్పి ఉంటే బానెట్‌ను లాక్ దాకా రానివ్వవు. మరీ కిందికి ఉంటే లాక్ పడ్డా బానెట్ ఆడుతూ చప్పుడు చేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ముందు ఎప్పుడైనా గుద్దుకుని, డెంటింగ్ చేయించి, బానెట్ విప్పి బిగించి ఉండొచ్చు. బానెట్‌కూ రెండు మడ్‌గార్డులకూ మధ్య సందులు కుడి ఎడమ ఒకేలా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే గుబ్బలు తిప్పి లాభం లేదు, మెకానిక్‌తో లాక్, బానెట్ తిరిగే కబ్జాలు (మడతబందులు) సరిచేయించాలి. కొక్కెం వంగినా, రెండో నాలుక స్ప్రింగు వదులైనా మార్చేయమనండి, సాపు చేసి వాడొద్దు.

సొట్టల సంగతికి తొందర లేదు. పెయింటు పగలకుండా ఉంటే, పెయింటు వేయకుండానే కింది నుంచి సన్నటి రాడ్లతో మెల్లగా తోసి తీసే పనివాళ్లు ఉంటారు. లోపలి చట్రం అడ్డం వస్తే పూర్తిగా పోకపోవచ్చు. వేడినీళ్లు, ఐసుగడ్డల వీడియోలు చూసి ప్రయోగాలు చేయొద్దు, సుత్తితో కొట్టనివ్వొద్దు.

మామయ్యగారికి మీరు చెప్తే నొచ్చుకుంటారనుకుంటే, ఆయన చేతనే బానెట్ తెరిపించి, కింద చట్రంలోని గుంటలూ, లాక్‌లోని పంజా చూపించండి. ఇన్నేళ్లు బండ్లు చూసిన మనిషికి అది చూడగానే అర్థమవుతుంది. తర్వాత జానెడు ఎత్తు నుంచి ఆయన్నే వదలమనండి. తమ్ముడికి అంత వివరం అక్కర్లేదు, చేతికి బానెట్ ఇచ్చి 'జానెడు' అనండి చాలు.

మెకానిక్ లాక్ చూసి బాగుందనే దాకా ఈ కారును ఊళ్లోనే, 40 దాటకుండా నడపండి. అంచు కాస్త లేచినట్టు అనిపించినా ఆగండి. ఈలోగా పరకాల పోవాల్సి వస్తే హన్మకొండ బస్టాండ్ నుంచి బస్సెక్కండి.